పిల్లలకు రాజ్యాంగం నేర్పడం ఎలా: ప్రవేశిక నుంచి పంచాయతీ ఆఫీసు దాకా

నవంబర్ 26న ప్రార్థన సమావేశంలో ప్రవేశిక చదివిస్తాం. జనవరి 26న జెండా ఎగరేసి చాక్లెట్లు పంచుతాం. పరీక్షలో 'ప్రాథమిక విధులు ఏవైనా ఐదు రాయండి' అని అడిగితే పిల్లలు గడగడా రాసేస్తారు. అదే పిల్లల్ని "మీ వీధిలో బోరు చెడిపోతే ఎవరిని అడగాలి?" అంటే తెల్లమొహం వేస్తారు. "ఒకాయన్ని కులం పేరు చెప్పి గుడి మెట్ల దగ్గరే ఆపేస్తే అది ఆచారమా, నేరమా?" అంటే ఇంకా తడబడతారు.

రాజ్యాంగాన్ని మనం ఆర్టికల్ నంబర్లుగా, తేదీలుగా చెబుతున్నాం కాబట్టే ఇలా జరుగుతోంది. మూడేళ్లపాటు మనుషులు కూర్చుని, వాదించుకుని తీసుకున్న నిర్ణయాలు అందులో ఉన్నాయి. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో అర్థమైన పిల్లలు దాన్ని తమ వీధిలో, తమ బడిలో గుర్తుపట్టగలుగుతారు. ఈ పాఠాలన్నిటి లక్ష్యం అదే.

కింద చెప్పే పద్ధతి ఆరు నుంచి పదో తరగతి పిల్లలకు, వారానికో పీరియడ్ చొప్పున మూడు నెలలు నడిపించేందుకు పనికొస్తుంది. ఇంట్లో ఒకరిద్దరు పిల్లలతో చేయాలనుకునే తల్లిదండ్రులూ ఇందులో చాలా భాగం వాడుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు

ముందు మీరు చదవండి. మొత్తం అక్కర్లేదు. ప్రవేశిక, ప్రాథమిక హక్కులున్న మూడో భాగం, ప్రాథమిక విధులున్న నాలుగు-ఏ భాగం చాలు. నాలుగు-ఏ భాగంలో ఉన్నది ఒకే ఒక్క ఆర్టికల్, 51ఏ. ఒక పేజీ కూడా దాటదు. రాజ్యాంగం తెలుగులో దొరుకుతుంది, ప్రవేశిక అయితే సాంఘిక శాస్త్రం పుస్తకం మొదటి పేజీల్లోనే అచ్చై ఉంటుంది.

తర్వాత పిల్లలకు ఒక మాట ఇవ్వండి: ఈ పీరియడ్‌లో ఏ ప్రశ్న అడిగినా తిట్టను, నవ్వను, ఇంకొకరిని నవ్వనివ్వను. ఈ మాట మీరు నిలబెట్టుకుంటారా లేదా అని పిల్లలు మొదటి రెండు వారాలూ గమనిస్తూనే ఉంటారు. భావప్రకటనా స్వేచ్ఛ గురించి మీరు ఎంత బాగా చెప్పినా, వాళ్లు నేర్చుకునేది ఆ గమనించిన దాని నుంచే.

మొదటి అడుగు: క్లాసు తన నియమాలు తనే రాసుకోవాలి

రాజ్యాంగం అనే పదం ఎత్తకుండానే మొదలుపెట్టండి. క్లాసులో నిజంగా గొడవలు వచ్చే విషయాలు నాలుగు బోర్డు మీద రాయండి. కిటికీ పక్క సీటు, మంచినీళ్ల దగ్గర తోపులాట, ఆటల పీరియడ్‌లో గ్రౌండ్ ఎవరిది, క్లాసు ఊడ్చే వంతు. పిల్లల్ని ఐదారుగురి గుంపులుగా విడదీసి, ఒక్కో గుంపునీ ఒక్కో విషయం మీద రెండేసి నియమాలు రాయమనండి.

రాసిన ప్రతి నియమాన్నీ మూడు ప్రశ్నలతో పరీక్షించాలి. దీనివల్ల ఎవరికి మేలు? ఎవరికి ఇబ్బంది? ఇది రాసేటప్పుడు ఎవరిని అడగలేదు? మూడో ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. ఆ రోజు బడికి రానివాళ్లు, ఎప్పుడూ నోరు విప్పని వెనక బెంచీ పిల్లలు, వీల్‌చైర్‌లో వచ్చే అమ్మాయి, వీళ్లంతా అప్పుడే గుర్తొస్తారు.

ఈ పీరియడ్‌లో అసలు పాఠం ఓటింగ్ దగ్గర వస్తుంది. నలభై మంది క్లాసులో పాతికమంది మగపిల్లలు ఉన్నారనుకోండి. 'గ్రౌండ్ మగపిల్లలకే' అనే నియమం పెట్టి ఓటింగ్ చేస్తే గెలిచే అవకాశం ఉంది. ఎవరూ ఆ ప్రతిపాదన చేయకపోతే మీరే చేయండి. "మెజారిటీ వచ్చింది కదా సార్, రూల్ అయిపోయినట్టే" అని ఎవరో ఒకరు అంటారు. వెంటనే జవాబు చెప్పకండి. ఆడపిల్లల్ని మాట్లాడనివ్వండి, వాదన ముదరనివ్వండి. ఎంతమంది చేతులెత్తినా కొన్ని విషయాల్లో ఎవరినీ తోసేయకూడదు అన్న చోటికి క్లాసు చేరుకున్నాక అప్పుడు చెప్పండి: ప్రాథమిక హక్కులు పుట్టింది ఇందుకే. ఎన్నికల్లో గెలిచిన ప్రభుత్వమైనా తన ఇష్టానికి తీసేయకూడని కొన్నిటిని మన పెద్దలు ముందే రాసి పెట్టారు.

చివరగా, ఈ నియమాలను మార్చాలంటే ఎలా మార్చాలో కూడా క్లాసే తేల్చాలి. మన రాజ్యాంగం ఆర్టికల్ 368లో ఆ దారి పెట్టింది. సాధారణంగా సవరణకు పార్లమెంటు రెండు సభల్లోనూ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. రాష్ట్రాల అధికారాలను తాకే కొన్ని విషయాలకైతే సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కూడా కావాలి. ఇప్పటికి సవరణలు వంద దాటాయి. మార్చవచ్చు, కానీ తేలిగ్గా మార్చకూడదు అన్న సంగతి, తమ నియమాన్ని తామే ఒకసారి మార్చుకున్న పిల్లలకు ఇట్టే బోధపడుతుంది. అందుకే రెండు వారాల తర్వాత నియమాలను మళ్లీ ముందుకు తెచ్చి, పనికిరానిదాన్ని సవరించనివ్వండి.

రెండో అడుగు: రాసిన మనుషుల కథ చెప్పండి

తేదీలు నాలుగు చాలు. 1946 డిసెంబర్ 9న రాజ్యాంగ సభ మొదటిసారి కూర్చుంది. 1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వచ్చింది, దాంతోపాటే దేశ విభజనా జరిగింది. 1949 నవంబర్ 26న రాజ్యాంగాన్ని ఆమోదించారు. 1950 జనవరి 26న అమల్లోకి తెచ్చారు. రెండు నెలలు ఎందుకు ఆగారని పిల్లలు అడుగుతారు, అడగకపోతే మీరే అడగండి. 1929 డిసెంబర్‌లో లాహోర్ కాంగ్రెస్ పూర్ణ స్వరాజ్యం కావాలని తీర్మానించింది, 1930 జనవరి 26న దేశమంతా స్వాతంత్ర్య దినం జరుపుకుంది. ఆ రోజు గుర్తుగా ఈ తేదీని ఎంచుకున్నారు.

ఇక మనుషుల దగ్గరికి రండి. ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు డాక్టర్ అంబేద్కర్ అని పిల్లలకు తెలుసు. ఆ కమిటీలోని ఏడుగురిలో ఒకరైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ నెల్లూరు జిల్లా పూదూరులో పుట్టారని చాలామందికి తెలియదు. సభలో పదిహేనుమంది మహిళలు ఉన్నారు. వాళ్లలో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి ఒకరు.

దుర్గాబాయి కథ పిల్లలకు తప్పకుండా చెప్పాలి. 1923 డిసెంబర్‌లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అప్పుడు ఆమెకు పద్నాలుగేళ్లు. అక్కడి ఖాదీ ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడింది. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపొద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్ లేకుండా వచ్చారు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు టికెట్ తెచ్చి ఇచ్చాకే లోపలికి పంపింది. ఇరవై మూడేళ్ల తర్వాత అదే నెహ్రూ, అదే దుర్గాబాయి ఒకే రాజ్యాంగ సభలో సభ్యులు. 'చట్టం ముందు అందరూ సమానం' అనే ఆర్టికల్ 14 చెప్పాల్సిన రోజున ఈ కథ మళ్లీ ఎత్తండి. నియమం పెద్దవాళ్లకూ వర్తిస్తుందని ఎనిమిదో తరగతి వయసు అమ్మాయి పట్టుబట్టి నిలబడిందంటే, వింటున్న పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

ఆ తర్వాత క్లాసులో ఒక చర్చ పెట్టండి. రాజ్యాంగ సభ ఎదుర్కొన్న నిజమైన ప్రశ్నే తీసుకోండి: దేశంలో ఎక్కువమందికి చదువు రాదు, అయినా అందరికీ ఓటు ఇవ్వాలా? సగం క్లాసు ఇవ్వాలని, సగం క్లాసు ఇప్పుడే వద్దని వాదించాలి. పది నిమిషాలయ్యాక వైపులు మార్చండి. అప్పుడు జరిగింది చెప్పండి. 1951 జనాభా లెక్కల ప్రకారం అక్షరాస్యత పద్దెనిమిది శాతం దగ్గర ఉంది. అయినా చదువు, ఆస్తి, కులం, ఆడ, మగ తేడా లేకుండా 21 ఏళ్లు నిండిన అందరికీ ఓటు ఇచ్చారు. 1951-52 ఎన్నికలకు దాదాపు 17 కోట్ల 30 లక్షలమంది ఓటర్లు. అక్షరం రానివాళ్లు ఓటేయడానికి ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అతికించారు.

ఇక్కడే ఇంకో సంగతి ఉంది. ఆ ఎన్నికలకు ఓటర్ల జాబితాలు రాసేటప్పుడు చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావారి భార్యను, ఫలానావారి తల్లిని అన్నారు. అలాంటి పేర్లు జాబితాలో ఉండకూడదని ఎన్నికల సంఘం తేల్చింది, దాదాపు 28 లక్షలమంది మహిళల పేర్లు పోయాయి. ఇది చెప్పి, పిల్లల్ని ఇంటికెళ్లి నానమ్మనో అమ్మమ్మనో అడిగి రమ్మనండి: మొదటిసారి ఎప్పుడు ఓటేశావు, ఎవరికి వేయాలో ఎవరు చెప్పారు, నీ పేరు ఎలా రాశారు? ఎవరికి వేశారన్నది మాత్రం అడగొద్దని చెప్పాలి, అది రహస్యం. వాళ్లు తెచ్చే జవాబులతో ఒక పీరియడ్ మొత్తం నడిచిపోతుంది.

పెద్ద తరగతులకు ఒక లెక్క కూడా చెప్పొచ్చు. ముసాయిదాకు సవరణలు కావాలంటూ 7,635 నోటీసులు వచ్చాయి, వాటిలో 2,473 సభలో చర్చకు వచ్చాయి. ఈ చర్చలన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. పదో తరగతి పిల్లలకు ఏదో ఒక రోజు చర్చలోంచి రెండు పేజీలు తెలుగులో చెప్పి వినిపించండి. పరస్పరం గట్టిగా విభేదించుకుంటూనే మర్యాదగా మాట్లాడటం ఎలా ఉంటుందో వాళ్లు ఎక్కడో ఒకచోట వినాలి కదా. టీవీ చర్చల్లో ఈ రోజుల్లో అది కనిపించడం కష్టం.

మూడో అడుగు: ప్రవేశిక వారానికో మాట

ప్రవేశిక మొత్తం ఒకే వాక్యం. దాన్ని బట్టీ పట్టించకుండా న్యాయం, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అనే నాలుగు మాటల్ని నాలుగు వారాలకు పంచండి. ఆ వారమంతా పిల్లలు తమ చుట్టూ ఆ మాట నిలబడిన సందర్భం ఒకటి, విరిగిపోయిన సందర్భం ఒకటి వెతికి నోట్‌బుక్‌లో రాసుకురావాలి. సామ్యవాద, లౌకిక అనే మాటలూ, దేశ అఖండత అన్నదీ 1976లో 42వ సవరణతో చేరాయని, అంతకు ముందు ప్రవేశికలో లేవని పెద్ద పిల్లలకు చెప్పండి.

నాలుగిట్లో కష్టమైనది సమానత్వం. అందరికీ ఒకేలా ఇవ్వడమే సమానత్వమని పిల్లలు అనుకుంటారు. కళ్లు సరిగా కనిపించని పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టడం మిగతావాళ్లకు అన్యాయమా అని అడగండి. అక్కడి నుంచి రిజర్వేషన్ల ప్రశ్న వస్తుంది, రాకుండా ఉండదు. "మెరిట్ ఉన్నవాళ్లకి సీటు రాకపోతే ఎలా మేడమ్?" అని ఒకరు అంటారు. ఆ ప్రశ్నను దాటేయకండి. తరతరాలుగా చదువుకు, భూమికి, బావికి దూరంగా ఉంచిన సమూహాల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయొచ్చని ఆర్టికల్ 15, 16 చెబుతున్నాయని వివరించండి. పందెంలో ఒకరిని వంద మీటర్లు వెనక నిలబెట్టి పరుగెత్తమంటే, ఫలితంలో కనిపించేది వేగం ఒక్కటే కాదు.

ఈ పాఠంలో ఒక కట్టుబాటు తప్పనిసరి. ఏ పిల్లవాణ్ణీ కులం అడగకూడదు, ఎవరినీ ఉదాహరణగా నిలబెట్టకూడదు. "మన క్లాసులోనే చూడండి" అనే మాట ఈ చర్చలో వద్దే వద్దు. మీ చూపు ఒక బెంచీ వైపు తిరిగినా చాలు, ఆ పిల్లవాడు ఆ పీరియడ్‌ను జీవితాంతం మరచిపోడు.

నాలుగో అడుగు: హక్కులను ఊరి పటం మీద గుర్తించండి

పెద్ద చార్టు మీద పిల్లలే తమ ఊరి పటమో, బస్తీ పటమో గీయాలి. బడి, చెరువు, బోరు, గుడి, మసీదు, చర్చి, టీ కొట్టు, సెలూన్, ఇటుక బట్టీ, రేషన్ షాపు, శ్మశానం. ఆ తర్వాత ఒక్కో చోట ఏ హక్కు పనిచేస్తుందో వెతకాలి.

టీ కొట్టు, బోరు, చెరువు దగ్గర ఆర్టికల్ 15 ఉంటుంది. దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్ల వాడకంలో మతం, కులం, లింగం, పుట్టిన చోటు పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని అందులో స్పష్టంగా రాసి ఉంది. రాజ్యాంగంలో బావి గురించి, స్నానఘట్టం గురించి ఎందుకు రాయాల్సి వచ్చింది? ఈ ప్రశ్న వేసి ఊరుకోండి, పిల్లలే చెబుతారు. దళితులకు వేరే గ్లాసులో టీ ఇచ్చే, పల్లెటూరి టీ కొట్లలోని రెండు గ్లాసుల పద్ధతి గురించి విన్నవాళ్లు ఉంటారు, చూసినవాళ్లూ ఉండొచ్చు. అంటరానితనాన్ని ఆర్టికల్ 17 రద్దు చేసింది, దాన్ని పాటించడం శిక్షించదగ్గ నేరం.

ఇటుక బట్టీ దగ్గర ఆర్టికల్ 24 వస్తుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో, గనుల్లో, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించాక ఆ వయసు పిల్లల్ని దాదాపు ఏ పనిలోనూ పెట్టకూడదు. బడి అయ్యాక ఇంటి పనిలో, కుటుంబ వృత్తిలో సాయపడటం లాంటి కొద్దిపాటి మినహాయింపులే ఉన్నాయి.

బడి దగ్గర ఆర్టికల్ 21ఏ. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కు. 2002లో 86వ సవరణతో వచ్చింది, దాని కోసం చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. ఈ సంగతి దాచిపెట్టి మిగతా హక్కులు చెప్పే టీచరును పిల్లలు నమ్మరు. చేతిలో బెత్తం పట్టుకుని ఈ పాఠం చెప్పలేం.

హక్కు దెబ్బతింటే ఏం చేయాలన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ప్రాథమిక హక్కుల కోసం నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లే దారి ఆర్టికల్ 32. అంబేద్కర్ దీన్ని రాజ్యాంగానికి హృదయం, ఆత్మ అన్నారు. హైకోర్టుకు వెళ్లే దారి ఆర్టికల్ 226. పిల్లలకు అంతకంటే ముందు కావాల్సింది 1098, చైల్డ్ హెల్ప్‌లైన్ నంబర్. బాల్య వివాహం జరగబోతోందని తెలిసినా, ఎవరైనా పిల్లల్ని పనిలో పెట్టినా, ఒంటిమీద చెయ్యి వేసినా ఫోన్ చేయొచ్చు. ఆ నంబర్ గోడ మీద పెద్దగా రాయించండి.

ఈ పాఠం తర్వాత ఒకరో ఇద్దరో పిల్లలు విడిగా వచ్చి ఏదో చెప్పే అవకాశం ఉంది. అలా చెప్పింది మిగతా టీచర్ల దగ్గర కబురుగా మారకూడదు. ఆ బిడ్డకు సాయం చేయాల్సినవాళ్లకు మాత్రమే చేరాలి.

ఐదో అడుగు: విధులను తిట్లుగా మార్చకండి

విధుల గురించి చాలా క్లాసుల్లో జరిగేది ఇదీ: అల్లరి చేసిన రోజున గుర్తొస్తాయి. "బెంచీ మీద పేర్లు చెక్కుతారా? ప్రభుత్వ ఆస్తిని కాపాడటం మీ విధి!" అని అరుస్తాం. హక్కులు పండగరోజు, విధులు శిక్షరోజు అన్నట్టు తయారవుతుంది. హక్కుల పాఠం పూర్తయ్యాకే, అంతే శ్రద్ధగా, అంతే ప్రశాంతంగా విధులు మొదలుపెట్టండి.

నేపథ్యం క్లుప్తంగా చెప్పండి. 1950 నాటి రాజ్యాంగంలో విధుల జాబితా లేదు. 1976లో 42వ సవరణ పది విధుల్ని చేర్చింది, 2002లో పదకొండోది చేరింది. పాటించలేదని నేరుగా వీటి కింద శిక్ష పడదు. అయితే కొన్నిటికి వేరే చట్టాలు ఉన్నాయి, జెండాను అవమానిస్తే 1971 నాటి చట్టం కింద శిక్ష పడుతుంది.

పదకొండూ ఒకేసారి వద్దు. పదిహేను రోజులకొకటి తీసుకుని చేతల్లో పెట్టించండి. నాకు బాగా ఫలితమిచ్చేవిగా అనిపించేవి మూడు.

శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం ఒకటి. ఇంట్లో వాట్సాప్‌కు వచ్చిన ఒక మెసేజ్ రాసుకొచ్చి, అది నిజమో కాదో తేల్చడానికి ఏమేం చూడాలో గుంపుగా ఆలోచించాలి. ఎవరు చెప్పారు, ఎప్పటి ఫొటో, వేరే ఎవరైనా అదే చెప్పారా? తేలకపోతే 'తేలలేదు' అని రాయడం నేర్పండి, ఫార్వర్డ్ చేయకుండా ఆగడమూ నేర్పండి.

స్త్రీల గౌరవాన్ని తగ్గించే ఆచారాలను వదులుకోవడం రెండోది. వారం రోజులపాటు తమ ఇంట్లో ఏ పని ఎవరు చేస్తున్నారో పిల్లలు పట్టిక రాయాలి. నీళ్లు పట్టడం, అంట్లు తోమడం, ముసలివాళ్లను చూసుకోవడం, ఆఖరున భోజనానికి కూర్చోవడం. పట్టికను క్లాసులో అందరి ముందూ చదివించకండి, ఇంటి గుట్టు ఇంటిదే. లెక్కలు మాత్రం మొత్తంగా కలిపి బోర్డు మీద వేయండి. తర్వాత ప్రతి మగపిల్లవాడూ, ప్రతి ఆడపిల్లా ఒక పని మార్చుకుని నెల రోజులు చేయాలి.

మూడోది ప్రజల ఆస్తి. బడి గోడ, ఆర్టీసీ బస్సు సీటు, వీధి దీపం ఎవరి డబ్బుతో వచ్చాయో పిల్లలు కనుక్కోవాలి. పిల్లలు కొనే బిస్కట్ పాకెట్ మీదా పన్ను ఉందని, అందులో తమ వాటా కూడా ఉందని తెలిశాక 'ప్రభుత్వానిది' కాస్తా 'మాది' అవుతుంది.

జాతీయ గీతం, జెండా గౌరవం గురించి చెప్పేటప్పుడు ఒక కేసు చెప్పండి. 1985లో కేరళలో ముగ్గురు విద్యార్థులు గీతం వస్తున్నప్పుడు గౌరవంగా లేచి నిలబడ్డారు, కానీ తమ మత విశ్వాసం వల్ల పాడలేదు. బడి నుంచి పంపించేశారు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని మళ్లీ చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగువారు జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. మన సంప్రదాయం, మన తత్వం, మన రాజ్యాంగం మూడూ సహనాన్నే నేర్పుతున్నాయి, దాన్ని పలుచన చేయొద్దు అన్నది ఆ తీర్పు చివరి మాటల సారాంశం. తీర్పు చెప్పే ముందు క్లాసును రెండుగా విడదీసి వాదించనివ్వండి. విధి, హక్కు ఎదురెదురైతే ఏం చేయాలో ఆలోచించడానికి ఇంతకంటే మంచి కేసు నాకు తెలియదు.

రోజూ చెప్పే ప్రతిజ్ఞనూ ఇక్కడ కలపండి. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తూ దాన్ని తెలుగులో రాశారు. తర్వాత దేశంలోని ఎన్నో భాషల్లోకి వెళ్లింది. 'భారతీయులందరూ నా సహోదరులు' అన్న మాట నిజమైతే ఈ రోజు మధ్యాహ్న భోజనం దగ్గర ఎవరి పక్కన కూర్చుంటావు అని అడగండి. జవాబు చెప్పించాల్సిన పని లేదు.

ఆరో అడుగు: బయటికి తీసుకెళ్లండి

పంచాయతీ ఆఫీసుకో, మున్సిపల్ వార్డు ఆఫీసుకో, గ్రామ సచివాలయానికో పిల్లల్ని ఒకసారి తీసుకెళ్లాలి. ముందుగా ఫోన్ చేసి సర్పంచ్‌తో, పంచాయతీ కార్యదర్శితో సమయం తీసుకోండి. పిల్లలు ప్రశ్నలు రాసుకుని వెళ్లాలి: పంచాయతీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, పోయినేడు దేనికి ఖర్చయింది, చెత్త ఎక్కడికి వెళ్తుంది, సర్పంచ్ మహిళ అయితే నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు? చివరి ప్రశ్నను మర్యాదగా ఎలా అడగాలో ముందే అభ్యాసం చేయించండి. 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చి పంచాయతీల్లో మహిళలకు కనీసం మూడో వంతు స్థానాలు ఇచ్చింది, తెలుగు రాష్ట్రాల్లో అది సగం. కుర్చీలో ఆమె కూర్చుంటే మాట కూడా ఆమెదే కావాలి.

గ్రామసభ జరిగే రోజు దొరికితే ఇంకా మంచిది. ఊరి ఓటర్లందరూ దాని సభ్యులే. పిల్లలకు ఓటు లేకపోయినా వెనక కూర్చుని చూడొచ్చు. ఎంతమంది వచ్చారు, ఆడవాళ్లు ఎంతమంది మాట్లాడారు, ఏ తీర్మానాలు అయ్యాయి అని రాసుకోవాలి. పార్టీ మీటింగ్‌కు మాత్రం ఎప్పుడూ తీసుకెళ్లకూడదు, ఏ పార్టీదైనా సరే.

తర్వాత ఒక నిజమైన అర్జీ రాయించండి. పిల్లలు రోజూ పడే ఇబ్బంది ఒక్కటే ఎంచుకోవాలి, ఉదాహరణకు బడి ముందు స్పీడ్ బ్రేకర్ లేకపోవడం. అది ఎవరి బాధ్యతో ముందు కనుక్కోవాలి: పంచాయతీదా, రోడ్లు భవనాల శాఖదా? పంచాయతీలకు అప్పగించదగ్గ 29 విషయాలు పదకొండో షెడ్యూల్‌లో, మున్సిపాలిటీల 18 విషయాలు పన్నెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. అర్జీలో ఎవరికి రాస్తున్నాం, సమస్య ఎక్కడ, ఎప్పటి నుంచి, ఏం చేయమంటున్నాం అనేవి ఒకే పేజీలో ఉండాలి. 'తమరు దయతలచి' లాంటి మాటలు వద్దు, మర్యాద చాలు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, అక్కడా ఇవ్వొచ్చు. నెలైనా కదలిక లేకపోతే గుర్తుచేస్తూ ఇంకో లేఖ రాయాలి. పెద్దవాళ్లు ఎవరైనా సమాచార హక్కు చట్టం కింద అడిగితే మామూలుగా ముప్పై రోజుల్లో జవాబు రావాలని కూడా చెప్పండి.

పని కాకపోవచ్చు. పిల్లలు నిరుత్సాహపడతారు. అప్పుడు మీరు రెండో లేఖ రాయించడం ఆపకపోతే, అదే వాళ్లకు పెద్ద పాఠం.

క్లాస్ లీడర్ ఎన్నిక కూడా ఈ నెలలోనే పెట్టుకోండి. ఓటర్ల జాబితా, నామినేషన్, రహస్య బ్యాలెట్, లెక్కింపు, అన్నీ పిల్లలే చూసుకోవాలి. చాలా బడులు ఇక్కడితో ఆపేస్తాయి. గెలిచినవాళ్లు నెలకోసారి క్లాసు ముందు నిలబడి ఏం చేశారో చెప్పాలి, ఓడినవాళ్లు ప్రశ్నించాలి. ఓటు కంటే ఇది ముఖ్యం.

పరీక్ష ఎలా పెట్టాలి

నిర్వచనాలు అడగకండి, సందర్భాలు ఇవ్వండి. 'అద్దె ఇల్లు చూడటానికి వెళ్తే యజమాని మీ మతం అడిగి లేదన్నాడు. ఇది రాజ్యాంగ విలువల్లో దేనికి విరుద్ధం? నువ్వైతే ఏం చేస్తావు?' 'బస్సు అద్దం పగలగొట్టినవాళ్లు నీ స్నేహితులు. నీ విధి ఏమిటి?' ఒకే సరైన జవాబు ఉండదు. పిల్లలు కారణం ఎలా చెప్పారు, ఎదుటివాళ్ల వైపు నుంచి ఆలోచించారా అన్నదానికి మార్కులు ఇవ్వండి.

తప్పకుండా వచ్చే ప్రశ్న

"ఇవన్నీ రాసే ఉంటే, మరి ఎందుకు జరగట్లేదు?" పిల్లలు ఇలా అడిగారంటే పాఠం బాగా ఎక్కిందని అర్థం. "అలా మాట్లాడకూడదు" అనొద్దు, "అంతా మోసమే" అని కూడా అనొద్దు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ చేసిన ప్రసంగం దగ్గరికి తీసుకెళ్లండి. జనవరి 26న మనం ఒక వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నాం, రాజకీయాల్లో సమానత్వం ఉంటుంది, సామాజిక, ఆర్థిక జీవితంలో అసమానత ఉంటుంది, దీన్ని త్వరగా తొలగించకపోతే ఈ ప్రజాస్వామ్యమే దెబ్బతింటుంది అని ఆయన హెచ్చరించారు. రాజ్యాంగం ఎంత మంచిదైనా నడిపేవాళ్లు చెడ్డవాళ్లైతే అది చెడ్డదే అవుతుందనీ అన్నారు. ఆ పిల్లవాడి ప్రశ్ననే ముసాయిదా రాసినాయన అది అమల్లోకి రాకముందే వేశాడన్నమాట. ఇది విన్నాక పిల్లల్ని రెండు జాబితాలు రాయమనండి: 1950 నుంచి ఇప్పటికి నిజంగా మారినవి, ఇంకా మారనివి. మొదటి జాబితా కోసం ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రావాలి.

ఇంటర్ పిల్లలతో మాట్లాడుతున్నవాళ్లు ఇంకో పని చేయండి. 1989లో 61వ సవరణ అమల్లోకి వచ్చాక ఓటు వయసు 21 నుంచి 18కి తగ్గింది. ఇప్పుడు 17 నిండినవాళ్లు ముందుగానే దరఖాస్తు పెట్టుకోవచ్చు. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఈ నాలుగు తేదీల్లో ఏ తేదీకి 18 నిండితే అప్పటి జాబితాలో పేరు చేరుతుంది. కావాల్సింది ఫారం 6, వయసు రుజువు, చిరునామా రుజువు, ఒక ఫొటో. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, మీ బూత్ స్థాయి అధికారికి (బీఎల్ఓ) కూడా ఇవ్వొచ్చు. జనవరి 25 జాతీయ ఓటర్ల దినం. ఆ వారంలో కాలేజీకి బీఎల్ఓని పిలిపించి, పిల్లలు తమ పేరును, ఇంటిపేరును తామే ఫారంలో నింపేలా చూడండి.